ఇసుకలో పెద్ద చక్రమా, చిన్న చక్రమా?

కొత్తపట్నం తీరం నుంచి ఒంగోలుకు చేపల పెట్టెలు తోలే పాఠకుడొకరు అడిగారు: పికప్‌కి పెద్ద చక్రాలు వేయిస్తే ఇసుకలో దిగబడదా?

మామూలు సంగతులు ముందు చెప్పేస్తాను. 215/75 ఆర్15 టైరు తీసి 235/75 ఆర్15 వేస్తే వ్యాసం 70 సెంటీమీటర్ల నుంచి 73కి పెరుగుతుంది. మీటరు 60 చూపిస్తుంటే బండి 62 దాటి పోతుంటుంది. లాగుడు కాస్త తగ్గుతుంది, లోడు ఎత్తు పెరుగుతుంది. అంతే.

అసలు విశేషమంతా ఇసుకలోనే. చక్రం దిగగానే దాని ముందు ఇసుక గట్టులా లేస్తుంది. అది ఎక్కేలోపే ఇంకోటి! చదును నేల మీద కూడా బండి ఎప్పుడూ ఎగువకే పోతుంటుందన్నమాట. ఆ గట్టు 5 సెంటీమీటర్ల గట్టి మెట్టు అనుకోండి. 70 సెంటీమీటర్ల చక్రానికి అది 31 డిగ్రీల వాలు. అయిదడుగుల ఎద్దుబండి చక్రానికి 21 డిగ్రీలే. లాగాల్సిన బలం మూడో వంతుకు పైగా తగ్గిపోతుంది. ఆకులు, పూటీలు బిగించి, ఇనుప పట్టా తొడిగి అంత చక్రం చేసిన మన వడ్రంగుల లెక్క ఎంత గట్టిదో చూడండి.

ఈ లెక్క మీద ఫ్రాన్సులో పెద్ద గొడవే జరిగింది. వ్యాసం రెట్టింపయితే చక్రం దొర్లడానికి ఎదురయ్యే నిరోధం సగమవుతుందని 18వ శతాబ్దంలో భౌతిక శాస్త్రవేత్త కూలుంబ్ అన్నాడు. అంత తగ్గదు, వ్యాసం వర్గమూలాన్ని బట్టే తగ్గుతుందని 1837లో ఇంజనీరు డ్యూపుయి అన్నాడు. ఫిరంగి దళం అధికారి మోరిన్ కూలుంబ్ పక్షం పట్టాడు. వాళ్ల వాదమంతా గట్టి చక్రాల గురించి.

మరి మన పల్లెల్లోకి టైరు బండి వచ్చాక ఆ పెద్ద చక్రాలు ఎందుకు పోయాయి? టైరు చక్రం వాటికంటే ఎంతో చిన్నది కదా! జవాబు గాలిలో ఉంది. టైరు నేలకు తగిలేచోట అణిగి సాగుతుంది. చక్రం మీద 600 కిలోల బరువుందనుకుందాం. 45 పౌండ్ల గాలి ఉంటే టైరు సుమారు 190 చదరపు సెంటీమీటర్ల మేర నేలను పట్టుకుంటుంది. 30కి దించితే 285. ఆ పెరుగుదల ఎక్కువగా పొడవులోనే వస్తుంది. అంటే చిన్న చక్రమే ఇసుకకు పెద్ద చక్రంలా తగులుతుంది, తక్కువ దిగుతుంది. 1971లో చంద్రుడి మీద తిరిగిన బండికి గాలి టైర్లు పెట్టలేదు. అయినా అణిగే గుణం కావాలి కాబట్టి చక్రాలను ఉక్కు తీగతో అల్లారు.

అందుకే రిమ్ము పెంచి టైరు పక్కగోడ తగ్గించే ఫ్యాషన్ అంటే నాకు ఒళ్లు మంట. ఇసుకలో పనిచేసేది ఆ పక్కగోడే. పైగా కంపెనీ అనుమతించని సైజు వేస్తే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను అడ్డొస్తుంది.

కాబట్టి 15 అంగుళాల రిమ్ములు అలాగే ఉంచండి. ఇసుకలోకి దిగేముందు గాలి తగ్గించి మెల్లగా నడపండి. తారురోడ్డు ఎక్కగానే మళ్లీ నింపండి, లేకపోతే పక్కగోడ వేడెక్కి టైరు పగులుతుంది. చక్రాలకు పెట్టే డబ్బులో కొంచెం తీసి గాలి మీటరు, చిన్న పంపు కొనుక్కోండి.