మీకు తెలుసా? లైసెన్సు రాకముందే రేసు కారెక్కాడు!

పద్దెనిమిది నిండని కుర్రాడు కారు తాళాలు అడిగితే మన ఇళ్లలో ఏమంటారు? "ముందు చదువు సంగతి చూడరా!" అంటారు. మరి ఇది వినండి! 2015 మార్చిలో, ఇక్కడ మన పిల్లలు ఇంటర్ పరీక్షలు రాస్తున్న రోజుల్లో, మెల్‌బోర్న్‌లో ఒక కుర్రాడు ఫార్ములా వన్ కారెక్కాడు. పేరు మ్యాక్స్ వెర్‌స్టాపెన్. వయసు 17 ఏళ్ల 166 రోజులు! అంత చిన్న వయసులో ఆ రేసు మొదలుపెట్టినవాళ్లు అంతకుముందు లేనే లేరు!

ఇంకో రహస్యం చెప్పనా? అప్పటికి అతని దగ్గర పక్కా డ్రైవింగ్ లైసెన్సే లేదు! ట్రాక్ మీద గంటకు 300 కిలోమీటర్లు దాటించేస్తాడు. బయటికొచ్చి సొంతంగా రోడ్డెక్కాలంటే మాత్రం కుదరదు! డ్రైవింగ్ టెస్టు పాసైంది సరిగ్గా తన పద్దెనిమిదో పుట్టినరోజున. అప్పటికే 14 గ్రాండ్ ప్రి రేసులు నడిపేశాడు!

అంతకుముందు కార్ల రేసుల్లో ఎంత అనుభవం ఉందంటారు? అయిదేళ్లా? మూడేళ్లా? కాదు! చిన్నపిల్లల కార్టింగ్ వదిలాక యూరోపియన్ ఫార్ములా 3లో నడిపింది 1 సీజనే! పదో తరగతి పాసై నేరుగా ఐఐటీలో కూర్చున్నట్టు!

ఆ వెంటనే రూల్స్ బిగిశాయి! మోటారు రేసుల ప్రపంచ సంస్థ ఎఫ్‌ఐఏ 2016 నుంచి కొత్త లెక్క తెచ్చింది. వయసు పద్దెనిమిది నిండాలి. రోడ్డు లైసెన్సు ఉండాలి. కింది స్థాయి రేసుల్లో 40 పాయింట్లు కూడబెట్టాలి. అప్పుడే 'సూపర్ లైసెన్స్'! అది లేనిదే ఎంత మొనగాడైనా గ్రిడ్ మీదికి రాలేడు!

నిజంగా ఆపేస్తారా అంటారా? ఆపేశారు! అమెరికాలో కోల్టన్ హెర్టా అనే కుర్రాడు ఇండీకార్‌లో ఏకంగా 7 రేసులు గెలిచాడు. 2022లో రెడ్ బుల్ వాళ్లు అతన్ని తీసుకుందామనుకున్నారు. పాయింట్లు చాలలేదు. తలుపు తెరుచుకోలేదు!

మళ్లీ మ్యాక్స్ దగ్గరికి రండి! 2016 మేలో టీమ్ మారాడు. కొత్త టీమ్‌లో మొదటి రేసు బార్సిలోనాలో. ఏం చేశాడో తెలుసా? గెలిచేశాడు! వయసు 18 ఏళ్ల 228 రోజులు! రెండో స్థానంలో వచ్చిందెవరు? ఒకప్పుడు మ్యాక్స్ నాన్న జోస్‌తో ట్రాక్ మీద పోటీపడిన కిమీ రైకొనెన్! తండ్రితో తలపడినవాణ్ని కొడుకు ఓడించాడు!

ఆ రైకొనెన్ కథ కూడా తక్కువదేం కాదు! 2001లో ఫార్ములా వన్‌కి వచ్చేనాటికి అతను నడిపిన కార్ల రేసులు 23 మాత్రమే! అనుభవం లేదు, ప్రమాదమని చాలామంది భయపడ్డారు. మొదటి రేసులోనే పాయింటు కొట్టాడు. తర్వాత ప్రపంచ ఛాంపియనే అయ్యాడు!

ఈ లెక్క చూడండి, కళ్లు తిరుగుతాయి! ఫెర్నాండో అలొన్సో తొలి ఫార్ములా వన్ రేసు 2001 మార్చిలో, మెల్‌బోర్న్‌లో. దాదాపు 1 నెల తర్వాత అదే ఊళ్లో ఒక పిల్లాడు పుట్టాడు. అతనే ఆస్కార్ పియాస్ట్రి! ఇప్పుడు ఇద్దరూ ఒకే ట్రాక్ మీద చక్రానికి చక్రం ఆనించి పోటీపడుతున్నారు!

సరే, కుర్రాళ్ల చిన్న ఒళ్లు ఇంత వేగాన్ని తట్టుకోగలదా? అసలు పరీక్ష మెడకే! గట్టిగా బ్రేకు తొక్కినప్పుడు, మలుపుల్లో తిరిగినప్పుడు 5 జీల దాకా ఒత్తిడి పడుతుంది. అంటే తల, హెల్మెట్ కలిపి అయిదు రెట్ల బరువెక్కుతాయి! మనం ఇంటికి తెచ్చుకునే బియ్యం బస్తాని మెడకి కట్టి పక్కకి లాగినట్టే! అదీ ప్రతి ల్యాపులో! అందుకే ఈ కుర్రాళ్లు తలకి పట్టీ కట్టుకుని, దానికి బరువు తగిలించి, రోజూ మెడని ఆ పక్కకీ ఈ పక్కకీ వంచుతూ కసరత్తు చేస్తారు!

వేడి సంగతి వింటే ఇంకా ఆశ్చర్యం! సింగపూర్ రేసులో కారు లోపల 50 డిగ్రీలు దాటుతుంది! మన రెంటచింతల ఎండ కూడా దాని ముందు దిగదుడుపే! పైగా మంటలు అంటుకోని మందపాటి బట్టలు, తల మీద హెల్మెట్. అలా దాదాపు రెండు గంటలు! చెమట రూపంలోనే కిలోల కొద్దీ బరువు తగ్గిపోతారు!

ఇక్కడో విచిత్రం! పైమెట్టు ఫార్ములా వన్ కారుకి పవర్ స్టీరింగ్ ఉంటుంది. దాని కిందిమెట్టు ఫార్ములా 2 కారుకి ఉండదు! ఆ బండ స్టీరింగ్‌ని భుజబలంతోనే తిప్పాలి! ట్రాక్ అలవాటు చేసుకోవడానికి ఆ ఫార్ములా 2 డ్రైవర్లకిచ్చే ప్రాక్టీసు ఎంతో తెలుసా? 45 నిమిషాలే! పిల్లలు రాటుదేలేది అక్కడే!

మరి కొత్త కారు అలవాటవ్వడానికి ఎన్నాళ్లిస్తారు? నెలా? రెండు నెలలా? 2025 సీజన్ ముందు మొత్తం టెస్టింగు మూడు రోజులు. టీమ్‌కి కారు ఒకటే, డ్రైవర్లు ఇద్దరు. అంటే ఒక్కొక్కరి వాటా ఒకటిన్నర రోజు! మన దగ్గర డ్రైవింగ్ స్కూల్లో మారుతీ కారు నేర్చుకోవడానికి కూడా అంతకంటే ఎక్కువ రోజులు పడుతుంది!

అంతకంటే తక్కువ టైమ్‌లో దూకినవాడూ ఉన్నాడు! 2024, జెడ్డా. ఫెరారీ డ్రైవర్ కార్లోస్ సైన్జ్‌కి అపెండిసైటిస్. శుక్రవారం పిలుపొచ్చింది ఒలివర్ బేర్‌మన్‌కి. వయసు పద్దెనిమిదే! చేతికందింది ఒకే ఒక్క గంట ప్రాక్టీసు. గోడల మధ్య దూసుకుపోయే ట్రాక్ అది! చిన్న తప్పు చేసినా కారు ముక్కలే! శనివారం రేసు ముగిసేసరికి అతను 7వ స్థానంలో ఉన్నాడు!

తడబడి లేచినవాడి కథ వింటారా? 2024లో మోంజా. ఇటలీ కుర్రాడు ఆండ్రియా కిమీ ఆంటొనెల్లి సొంత దేశంలో మొదటిసారి మెర్సిడెస్ కారుతో ప్రాక్టీసుకి దిగాడు. జనం ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. సుమారు 10 నిమిషాలకే కారు వెళ్లి గోడకి గుద్దుకుంది! ఇక పని అయిపోయిందనుకున్నారా? ఆ మర్నాడే మెర్సిడెస్ అతన్నే తమ కొత్త డ్రైవర్‌గా ప్రకటించింది!

నమ్మకం నిలబెట్టాడా? నిలబెట్టాడు! 2025 మెల్‌బోర్న్‌లో తొలి రేసు. బయట వాన. కళ్ల ముందు నీటి తుంపర తప్ప ఏమీ కనపడదు. కార్లు ఒక్కొక్కటీ జారి గోడలకి తగులుతున్నాయి. పదహారో స్థానం నుంచి బయల్దేరిన ఈ కుర్రాడు 4వ స్థానంలో ముగించాడు!

ఆ ఏడాది అతనింకా స్కూలు విద్యార్థే! మేలో ఇమోలా రేసుకి ఏం చేశాడో తెలుసా? తన క్లాస్‌మేట్లందరినీ వెంటబెట్టుకొచ్చాడు! మర్నెల కెనడాలో మూడో స్థానం గెలిచి పోడియం ఎక్కాడు. వయసు 18!

మనకి కొంచెం దగ్గరి కబురు! 2025లో ఎఫ్‌ఐఏ ఒక కుర్రాడికి వయసు నిబంధన సడలించి సూపర్ లైసెన్స్ ఇచ్చింది. పేరు ఆర్విడ్ లిండ్‌బ్లాడ్. సిల్వర్‌స్టోన్‌లో ఫార్ములా వన్ ప్రాక్టీసుకి దిగేనాటికి అతనికి 17 ఏళ్లే! అతని అమ్మగారి మూలాలు ఎక్కడివో తెలుసా? మన భారతదేశానివే!

అవకాశం వచ్చినంత మాత్రాన నిలుస్తుందా? లేదు! లియామ్ లాసన్‌ని 2025లో రెడ్ బుల్ ప్రధాన టీమ్‌లోకి తీసుకున్నారు. ఎన్ని రేసులు ఇచ్చారో ఊహించండి. కేవలం 2! ఆ వెంటనే కిందిజట్టుకి పంపేశారు. మొలకని పీకి వేరు పట్టిందో లేదో చూస్తే ఎలా?

ఓపిక పడితే ఏమవుతుందో చూడండి! నికో హల్కెన్‌బర్గ్ తొలిసారి పోడియం ఎక్కింది ఎన్నో రేసులోనో తెలుసా? 239వ రేసులో! 2025లో సిల్వర్‌స్టోన్‌లో. అప్పటికి అతని వయసు ముప్పై ఏడు!

ఈ ఒక్కటి కాస్త నెమ్మదిగా చదవండి. మెక్సికో కుర్రాడు రికార్డో రోడ్రిగెజ్ 1961లో ఫెరారీ కారుతో తన మొదటి రేసులోనే రెండో స్థానం నుంచి బయల్దేరాడు. అంత ప్రతిభ! మరుసటి ఏడాదే సొంతూళ్లో ప్రాక్టీసు చేస్తుండగా ప్రమాదంలో చనిపోయాడు. వయసు 20. వేగం పుట్టుకతో రావచ్చు. భద్రత మాత్రం పెద్దవాళ్లు అమర్చాల్సిందే!

అమర్చారు కూడా! ఇప్పుడు డ్రైవరు తల చుట్టూ 'హేలో' అనే టైటానియం చట్రం ఉంటుంది. అది మోయగల బరువెంతో తెలుసా? 12 టన్నులు! వచ్చిన తొలి ఏడాదే, 2018లో బెల్జియంలో, ఇంకో కారు గాల్లోకి లేచి కొత్త కుర్రాడు షార్ల్ లెక్లెర్ తల మీదుగా పోయింది. టైరు గుర్తు హేలో మీద పడింది. కుర్రాడు క్షేమం!

మనవాళ్ల సంగతేంటి? భారత్ నుంచి ఫార్ములా వన్‌కి వెళ్లిన మొదటివాడు కోయంబత్తూరు నారాయణ్ కార్తికేయన్. 2005లో మొదటి రేసు నాటికి అతనికి 28 ఏళ్లు! ఇప్పుడు దారి కాస్త దగ్గరవుతోంది. బెంగళూరు కుర్రాడు కుష్ మైనీ 2025లో మొనాకోలో ఫార్ములా 2 స్ప్రింట్ రేసు గెలిచాడు. అక్కడ గెలిచిన మొదటి భారతీయుడు అతనే!

మీ ఇంట్లోనూ వేగం పిచ్చి ఉన్న పిల్లాడున్నాడా? పంపాల్సింది కార్టింగ్ ట్రాక్‌కి, అవుటర్ రింగ్ రోడ్డుకి కాదు! మైనరు బండి నడిపి నేరం చేస్తే తల్లిదండ్రులకి చట్టం ప్రకారం 25,000 రూపాయల జరిమానా! జైలు కూడా పడొచ్చు! ఈ ఛాంపియన్లంతా ఓనమాలు దిద్దుకుంది ట్రాక్ మీదే!

చివరిగా ఒక్కటి! ఆంటొనెల్లి మెరిసిన ఆ మెల్‌బోర్న్ వానలోనే ఇసాక్ హజార్ అనే ఇంకో కొత్త కుర్రాడున్నాడు. రేసు మొదలు కాకముందే, కార్లన్నీ వరసగా తిరిగే ఫార్మేషన్ ల్యాపులోనే, కారు జారి గోడకి తగిలింది. హెల్మెట్ కూడా తీయకుండా, మొహం చేతుల్లో దాచుకుని ఏడుస్తూ నడిచొచ్చాడు. లూయిస్ హామిల్టన్ వాళ్ల నాన్నగారు ఎదురెళ్లి భుజం మీద చెయ్యేసి ఓదార్చారు. ఆ కుర్రాడే నెదర్లాండ్స్‌లో మూడో స్థానం గెలిచి పోడియం ఎక్కాడు! మధ్యలో గడిచింది 168 రోజులే! కుర్రాళ్ల చేతులు సిద్ధంగానే ఉన్నాయండీ. ఈసారి ఎవరైనా కొత్త పిల్లాడు మొదటి రేసులో గోడకి గుద్దితే "వీడు పనికిరాడు" అనకండి. ఒక్క సీజన్ ఆగి చూడండి!