ముప్పై కంచెల లెక్క

మలక్‌పేట రేస్‌కోర్సు తెలిసినవాళ్లకి గుర్రప్పందెం అంటే చదునైన పచ్చిక మీద ఒకటి రెండు నిమిషాల పరుగు. ఇంగ్లండులో లివర్‌పూల్ దగ్గర ఎయింట్రీలో ఏటా ఏప్రిల్‌లో జరిగే గ్రాండ్ నేషనల్ ఆ కోవలోది కాదు. 1839 నుంచి ఉన్న పందెం. దాదాపు 6.9 కిలోమీటర్లు, దారిలో 30 కంచెలు. తొమ్మిది పది నిమిషాలు పడుతుంది. ఇందులో ఒక గుర్రానికి గెలిచే అవకాశం ఎంతో ఎలా అంచనా వేస్తారు? మీచేత డబ్బు పెట్టించాలని కాదు ఈ ప్రశ్న. పరీక్ష రాసి బయటికొస్తూనే మనం మర్చిపోయిన ప్రాబబిలిటీ ఇక్కడ గుర్రమెక్కి తిరుగుతూ ఉంటుంది, అందుకని.

గెలవాలంటే ముందు చివరిదాకా రావాలి కదా. ఒక గుర్రం ఒక్కో కంచెని క్షేమంగా దాటే అవకాశం 98 శాతం అనుకోండి. వినడానికి బానే ఉంది. 0.98ని 30 సార్లు గుణించి చూడండి, 0.55 కూడా రాదు. 97 శాతం అయితే 0.40కి పడిపోతుంది. అందుకే గుర్రం వేగం కన్నా ముందు, పాత రేసుల్లో ఎన్నిసార్లు పడిందో చూడాలి.

నిజానికి కంచెలన్నీ ఒకలా ఉండవు. బీచర్స్ బ్రూక్ అనే చోట ఎగిరే వైపు కన్నా దిగే వైపు నేల పల్లం. పైగా మన గుర్రం ఏ తప్పూ చేయకపోయినా పక్కవాటి వల్ల ఆగిపోవచ్చు. 1967లో 23వ కంచె దగ్గర జాకీ లేని గుర్రం ఒకటి అడ్డం తిరిగింది. ముందున్నవన్నీ ఒకదాని మీద ఒకటి పడి చిక్కుకుపోయాయి. ఫోయినావన్ బాగా వెనకబడి ఉంది కాబట్టే సందు చూసుకుని దాటేసి, గెలిచేసింది కూడా! దాని ధర 100/1. ఇప్పుడు ఆ కంచెని ఫోయినావన్ అనే పిలుస్తారు.

ఇక నేల. 2001లో బురదలో 40 బయల్దేరితే 4 మాత్రమే గీత దాటాయి. వాటిలోనూ రెండింటిని జాకీలు మధ్యలో మళ్లీ ఎక్కి నడిపించారు.

అసలు చిక్కు బరువుతో. ఇది హ్యాండిక్యాప్ రేసు. రేటింగ్‌లో ఒక పాయింటు ఎక్కువున్న గుర్రం ఒక పౌండు ఎక్కువ మోయాలి. అంటే బాగా పరిగెత్తినందుకు శిక్షన్నమాట. 1973లో క్రిస్ప్ మీద 76 కిలోలు, రెడ్ రమ్ మీద 66 కిలోలు. చివరి కంచె దాటాక కూడా క్రిస్పే ముందుంది. అక్కణ్ణుంచి గీత దాకా సుమారు 450 మీటర్లు. అందులో కాళ్లు తడబడి, ముప్పావు గుర్రం పొడవు తేడాతో ఓడిపోయింది. నన్నడిగితే ఆరోజు మేలైన గుర్రం క్రిస్పే. అయితే మరుసటి ఏడాది రెడ్ రమ్ కూడా అదే 76 కిలోలు మోసి గెలిచిందని ఒప్పుకోవాలి.

ఈ పద్ధతిలో ఒక సందు ఉంది. బరువులు ఫిబ్రవరిలోనే ప్రకటిస్తారు. ఆ తర్వాత గుర్రం మెరుగుపడినా పాత బరువే. 2023లో కోరాక్ రాంబ్లర్ మార్చిలో చెల్టెనమ్‌లో గెలిచి రేటింగ్ పెంచుకుంది, ఎయింట్రీలో మాత్రం పాత లెక్క ప్రకారమే మోసింది. 8/1 ధరతో ఫేవరెట్‌గా దిగి గెలిచింది. ఆ ధరని శాతంలోకి మారిస్తే 1/9, అంటే 11. అందరూ ఎక్కువగా నమ్మిన గుర్రం కూడా తొమ్మిదిలో ఎనిమిదిసార్లు ఓడుతుందని ఆ ధరే చెబుతోంది. అన్ని గుర్రాల శాతాలూ కూడితే 100 దాటుతుంది. ఆ దాటినదే బుకీ లాభం. పందెం కాసేవాడు లెక్క తప్పకపోయినా నష్టపోయేది అక్కడే.

గుర్రం పోగొట్టుకునేది డబ్బు కాదు, ప్రాణం. ఈ రేసులో గుర్రాలు చనిపోతుంటాయి. అందుకే 2024 నుంచి గరిష్ఠ సంఖ్యని 40 నుంచి 34కి తగ్గించారు. వేగం పుంజుకోకముందే ఎగిరేలా మొదటి కంచెని ఆరంభానికి దగ్గరగా జరిపారు. మన లెక్కలో 0.98ని 0.99 చేసే ప్రయత్నమిది, అప్పుడు చివరిదాకా వచ్చే అవకాశం 0.74. ఆ ఏడాది 32 బయల్దేరితే 21 పూర్తి చేశాయి, జాకీతో ఉన్న ఏ గుర్రమూ కింద పడలేదు. కోరాక్ రాంబ్లర్ మాత్రం మొదటి కంచె దగ్గరే తడబడి జాకీని పడేసింది.