ఖమ్మం ఖిల్లా ఏలిన సీతాపతి

ఖమ్మం ఖిల్లాను మీరు చూసే ఉంటారు. దాన్ని ఏలిన వారిలో షితాబు ఖాను ఒకడు. పేరు వింటే ముస్లిం అనుకుంటాం. కాదు. అసలు పేరు సీతాపతి. తెలుగువాడే.

బహమనీ సుల్తానుల కొలువులో చేరాడు. ఖాను అన్నది ఆ కొలువులో వచ్చిన బిరుదు. సుల్తానుల బలం తగ్గింది. సీతాపతి ఓరుగల్లును పట్టుకున్నాడు. 1504లో అక్కడి కోటలో శాసనం వేయించాడు. తనది భోగి కులం అని అందులో రాయించాడు. కాకతీయుల వంశం కాదన్నమాట. అయినా వాళ్ల సింహాసనపు దేవతను, పాంచాలరాయ స్వామిని మళ్లీ నిలబెట్టానని చెప్పుకున్నాడు. కాకతీయుల రాజ్యం పోయి అప్పటికి 180 ఏళ్లు. ఆ పేరుకు విలువ తగ్గలేదు మరి!

తర్వాత గోలుకొండ నుంచి సుల్తాన్ కులీ దండెత్తి వచ్చాడు. ఓరుగల్లు పోయింది, ఖమ్మం పోయింది. సీతాపతి గజపతుల పంచన చేరాడు.