పరిశోధన సంగ్రహాలలో అన్వేషణ

నల్లగొండ జిల్లా పల్లెలలో తరతరాలుగా బావినీరు త్రాగినవారికి పండ్లు గారపట్టడం, ఎముకలు వంగిపోవడం, నడుము బిగుసుకొనిపోవడం తెలుగువారెరిగిన విషాదమే. భూగర్భంలోని గ్రానైటు శిలలలో ఫ్లోరిన్‌తో కూడిన ఖనిజాలున్నవి. అవి మెల్లమెల్లగా కరిగి నీటిలో ఫ్లోరైడు చేరుతుంది. లీటరు నీటిలో ఫ్లోరైడు 1.5 మిల్లీగ్రాములకు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్దేశించింది. 1 మిల్లీగ్రాము వరకే ఆమోదయోగ్యమనీ, వేరొక నీటివసతి లేనిచోట మాత్రమే 1.5 వరకు అనుమతింపవచ్చుననీ భారతీయ ప్రమాణాల సంస్థ చెప్పింది. ఇంతవరకు పాఠ్యపుస్తకాలలో దొరుకుతుంది. కాని పర్యావరణశాస్త్రం ప్రాజెక్టు వ్రాయబూనిన విద్యార్థి 'లోతైన బోరుబావిలో ఫ్లోరైడు ఎక్కువా, చేదబావిలో ఎక్కువా? వానలు కురిసిన తరువాత తగ్గుతుందా? దానిని తొలగించే పద్ధతి మా ఇంటిలో సాధ్యమా?' అని ప్రశ్నించుకొన్నాడనుకొందాం. సమాధానం ఏ ఒక్క గ్రంథంలోనూ ఉండదు. అది దేశదేశాల పరిశోధన పత్రికలలో చెల్లాచెదురుగా పడి ఉంటుంది. దానిని వెదకి పట్టుకొనడానికి ఉపకరించే సాధనాలే సంగ్రహ కోశాలు. వీటినే డేటాబేసులని వ్యవహరిస్తున్నారు.

పరిశోధన వ్యాసం తలభాగాన, ఏ సమస్యను పరిశీలించారు, ఏ పద్ధతిలో పరిశీలించారు, ఏమి తేలింది అనే అంశాలను సుమారు రెండువందల మాటలలో చెప్పే భాగమే సంగ్రహం. వ్యాసాలు సంవత్సరానికి వందలలో వెలువడిన కాలంలో పండితుడు అన్నింటినీ చదువగలిగేవాడు. వేలు, లక్షలు అయిన తరువాత అది అసాధ్యమైంది. అందుచేత సంగ్రహాలను మాత్రమే పోగుచేసి, విషయక్రమంలో అమర్చి ప్రచురించే సంపుటాలు పుట్టినవి. రసాయనశాస్త్రానికి 'కెమికల్ అబ్‌స్ట్రాక్ట్స్' 1907లోను, జీవశాస్త్రానికి 'బయొలాజికల్ అబ్‌స్ట్రాక్ట్స్' 1926లోను ఆరంభమైనవి. మన దేశంలో 1952లో ఏర్పడిన ఇన్స్‌డాక్ సంస్థ 1965 నుండి 'ఇండియన్ సైన్స్ అబ్‌స్ట్రాక్ట్స్'ను వెలువరించింది. గ్రంథాలయాలలో గోడపొడవునా బారులు తీరిన ఆ బరువైన సంపుటాలను నేటి విద్యార్థి చూచి ఉండడు. ఇప్పుడు ఆ పనిని కంప్యూటరు చేస్తున్నది. అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయం నిర్వహించే 'పబ్‌మెడ్' 1997 నుండి అందరికీ ఉచితం. అందులో మూడున్నర కోట్లకు పైగా వ్యాసాల వివరాలున్నవి. వ్యవసాయం, నేల, నీరు విషయాలకు ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థవారి 'అగ్రిస్' కూడా ఉచితమే. 'స్కోపస్', 'వెబ్ ఆఫ్ సైన్స్' వంటివి విస్తృతమైనవైనా, చందా చెల్లించిన విశ్వవిద్యాలయాలకే అవి లభిస్తాయి.

కోశం ఎంత గొప్పదైనా దానికి మన మనసులోని భావం తెలియదు. మనం వ్రాసిన మాట మాత్రమే తెలుసు. అన్వేషణలోని కష్టమంతా ఇక్కడనే ఉన్నది. అమరసింహుడు తన కోశంలోని వారివర్గంలో నీటికి గల పేర్లన్నింటినీ ఒకచోట కూర్చాడు. కవి ఏ పేరుతో చెప్పినా అది నీరేనని పాఠకుడు గ్రహించాలని ఆ కూర్పు ఉద్దేశం. శాస్త్రజ్ఞులు కూడా ఈ విషయంలో కవులకు తీసిపోరు. ఒకే విషయాన్ని ఒకరు 'ఫ్లోరోసిస్' అంటారు, మరొకరు 'ఫ్లోరైడ్ పాయిజనింగ్' అంటారు. పండ్ల గారను వెనుకటితరం వైద్యులు 'మోటిల్డ్ ఎనామెల్' అన్నారు. భూగర్భజలాన్ని 'గ్రౌండ్‌వాటర్' అని కలిపి వ్రాసేవారున్నారు, విడదీసి వ్రాసేవారున్నారు. కాబట్టి వెదకడానికి ముందు కాగితంమీద పర్యాయపదాల పట్టికను వ్రాసుకోవడం అవసరం. పబ్‌మెడ్‌లో ఈ శ్రమను కొంత తగ్గించే ఏర్పాటు ఉన్నది. రచయిత ఏ మాట వాడినప్పటికీ, కోశ నిర్వాహకులు 'మెష్' అనే నిర్ణీత పదావళినుండి తగిన శీర్షికలను వ్యాసానికి జతచేస్తారు. అది వారి అమరకోశమనవచ్చు.

ఈ కోశాలలో అధికభాగం ఆంగ్లంలో ఉన్నవి గనుక, ఇక్కడ తెలుగులో చూపిన మాటలను ఆంగ్ల అక్షరాలలోనే టైపు చేయాలి. వర్ణక్రమంలో ఏమరుపాటు కూడదు. ఫ్లోరైడు అనే మాటలోని 'యు', 'ఓ' అక్షరాలు తారుమారైతే ఆ మాట మొదట పిండి అనే అర్థంగల ఆంగ్లపదం వచ్చి కూర్చుంటుంది. కొన్ని కోశాలు పొరపాటును దిద్దుతాయి, కొన్ని దిద్దవు. విచిత్రమేమంటే అచ్చయిన కొన్ని వ్యాసాలలోనే ఈ తప్పు కనబడుతుంది.

పట్టిక సిద్ధమైన తరువాత మాటలను కలపాలి. ఇందుకు ఆధారం జార్జ్ బూల్ అనే గణితవేత్త 1854లో ప్రకటించిన తర్కవిధానం. 'అండ్' అనే మాట రెండు అంశాలూ ఉన్న వ్యాసాలను మాత్రమే తెస్తుంది. 'ఆర్' అనేది ఏ ఒక్కటి ఉన్నా తెస్తుంది. పర్యాయపదాలను 'ఆర్'తో కలిపి కుండలీకరణాలలో ఉంచి, వేరువేరు అంశాలను 'అండ్'తో జోడించాలి. ఉదాహరణకు:

(ఫ్లోరైడ్ ఆర్ ఫ్లోరోసిస్) అండ్ (గ్రౌండ్‌వాటర్ ఆర్ "డ్రింకింగ్ వాటర్") అండ్ (నల్గొండ ఆర్ తెలంగాణ ఆర్ "ఆంధ్రప్రదేశ్")

రెండు మాటలను ఉద్ధరణ చిహ్నాలలో ఉంచితే అవి జంటగా ఉన్న వ్యాసాలే వస్తాయి. ధాతువు చివర నక్షత్రపు గుర్తు ఉంచితే ఆ ధాతువుతో మొదలయ్యే మాటలన్నీ వస్తాయి. అయితే ధాతువును మరీ పొట్టిగా కత్తిరించరాదు. 'ఫ్లోర్' దగ్గర ఆపి నక్షత్రం పెట్టితే ఫ్లోరైడుతోపాటు, కాంతికి సంబంధించిన 'ఫ్లోరెసెన్స్' కూడా వచ్చిపడుతుంది. దానితో నీటికి సంబంధంలేని వేలకొలది వ్యాసాలు ముంచెత్తుతాయి. పైగా పబ్‌మెడ్ వంటి కోశాలలో నక్షత్రం మాట చివరకే పనికివస్తుంది. ఫ్లోరైడును తొలగించడమనే అర్థంగల 'డీఫ్లోరిడేషన్' వంటి ఉపసర్గ గల మాటను విడిగా వ్రాయవలసినదే.

'నాట్' అనే మూడవ మాటను మాత్రం జాగ్రత్తతో వాడాలి. మనకు ఫ్లోరైడు అధికమై బాధ. కొన్ని పాశ్చాత్యదేశాలలో అది తక్కువై పండ్లు పుచ్చుతున్నవని నీటిలో కొలతప్రకారం కలుపుతారు. అమెరికాలోని గ్రాండ్ రాపిడ్స్ నగరంలో 1945లో ఈ పని మొదలైంది. దీనిని 'ఫ్లోరిడేషన్' అంటారు. ఆ వ్యాసాల బెడద వదిలించుకొనడానికి 'నాట్ ఫ్లోరిడేషన్' అని వ్రాయాలనిపిస్తుంది. అలా వ్రాస్తే, నల్లగొండను గురించి చెబుతూ ప్రసక్తవశాత్తు ఆ మాట నెత్తుకొన్న మంచి వ్యాసం కూడా కనుమరుగవుతుంది. త్రోసివేయడంకంటె స్థలం పేరుతో వడగట్టడం మేలు.

స్థలాల పేర్లలోనూ చిక్కులున్నవి. మన దేశంలో ఈ వ్యాధిని గుర్తించి 1937లో ప్రకటించిన తొలి వ్యాసాలు నాటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాకు సంబంధించినవి. ఆ జిల్లాలోని కొన్ని తాలూకాలు 1970లో ఒంగోలు జిల్లాలో చేరినవి. 1972లో దానికి ప్రకాశం అని పేరు వచ్చింది. ప్రకాశం అని మాత్రమే వెదికినవారికి 1937నాటి వ్యాసం దొరకదు. అట్లే 2014కు ముందటి నల్లగొండ వ్యాసాలలో రాష్ట్రం పేరు ఆంధ్రప్రదేశ్ అనే ఉంటుంది. 1975కు ముందటి వ్యాసాలలో అనేకానికి పబ్‌మెడ్‌లో సంగ్రహమే ఉండదు, శీర్షిక మాత్రమే ఉంటుంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామిగారలు 1973లో 'లాన్సెట్' పత్రికలో, ఫ్లోరోసిస్ ప్రాంతాలలో మోకాళ్ళు లోపలికి వంగే 'జీనూ వాల్గమ్' అనే వైకల్యాన్ని గురించి వ్రాశారు. ఆ శీర్షికలో ఊరి పేరుగాని జిల్లా పేరుగాని లేదు. దానిని చేరాలంటే వ్యాధి పేరే దారి.

వ్యాసాలు దొరికిన తరువాత సంగ్రహాన్ని చదివే తీరు ముఖ్యం. నాగపూరులోని జాతీయ పర్యావరణ సాంకేతిక పరిశోధన సంస్థ 1970వ దశకంలో రూపొందించిన 'నల్గొండ పద్ధతి'నే చూడండి. నీటిలో పటిక, సున్నం కలిపి, కలియబెట్టి, తేర్చి, వడపోయడం ఇందులోని క్రమం. 'ఫ్లోరైడు ఇంతశాతం తగ్గింది' అని సంగ్రహం ఒక వాక్యంలో ముగించవచ్చు. పటిక ఎంత వేయాలో ఆ నీటి క్షారగుణాన్నిబట్టి మారుతుందనీ, మోతాదు తప్పితే అల్యూమినియం నీటిలో మిగులుతుందనీ, అడుగున చేరిన మడ్డిని ఎక్కడ పారబోయాలన్నది మరొక సమస్య అనీ తెలియాలంటే లోపలి పుటలు చదవాలి. సంగ్రహం చదివి పటిక కొనడానికి అంగడికి పోరాదు. ఆ నీరు త్రాగేది ఇంట్లో చిన్నపిల్లలు.

సంవత్సరాన్ని గమనించడం మరువరాదు. తెలంగాణలో 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ ద్వారా పల్లెలకు నదీజలాలు అందడంతో త్రాగునీటి వనరే మారింది. 1990లలో బావినీటిని కొలిచిన అంకెలను నేడు ప్రజలు త్రాగే నీటి అంకెలుగా వ్రాస్తే అది అసత్యమవుతుంది. ఈమధ్య ప్రశ్న అడిగిన తక్షణమే వ్యాసాల పేర్లను వల్లించే కంప్యూటరు సాధనాలు వచ్చినవి. అవి ఒక్కొక్కప్పుడు లోకంలో లేని వ్యాసాన్ని, రచయితతోసహా కల్పించి చెబుతాయి. కోశంలో కనబడని వ్యాసాన్ని ప్రాజెక్టులో చేర్చరాదు.

పూర్తి వ్యాసం వెలకట్టి ఉన్నచోట నిరాశపడనక్కరలేదు. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ సంస్థ నిర్వహించే 'శోధ్‌గంగ'లో మన విశ్వవిద్యాలయాల పరిశోధన గ్రంథాలు ఉచితంగా లభిస్తాయి. జిల్లా, మండల స్థాయి నీటి పరీక్షల వివరాలు అచ్చుపత్రికలకంటె వాటిలోనే విపులంగా ఉండవచ్చు. అదీ కుదరకపోతే, సంగ్రహం వద్ద రచయిత ఈ-మెయిల్ చిరునామా ఇచ్చి ఉన్నదేమో చూడాలి. తాను ఎవరో, ఏ కళాశాలలో చదువుతున్నదీ, ఆ వ్యాసం ఎందుకు కావలసివచ్చినదీ నాలుగు వాక్యాలలో మర్యాదగా వ్రాసి ఒక ప్రతిని అడుగవచ్చు. తమ వ్యాసాన్ని ఒక జూనియర్ కళాశాల విద్యార్థి చదువగోరుతున్నాడంటే సంతోషించి పంపే శాస్త్రజ్ఞులు ఉన్నారు.