పండుగప్పకు వసంతం లేదు: అపోహలు – వాస్తవాలు

మార్చి నెల వచ్చిందంటే అమెరికాలో గేలం వేసేవాళ్ల వీడియోలన్నిటిదీ ఒకటే పల్లవి. మంచు కరిగింది, నీళ్లు వెచ్చబడుతున్నాయి, బాస్ చేప లోతు వదిలి ఒడ్డున మోకాటిలోతు నీళ్లకు వస్తోంది, త్వరపడండి! వాళ్ల చెరువుల వరకు ఆ మాట అక్షరాలా నిజం. టెక్సాస్‌లోనో మిచిగన్‌లోనో స్థిరపడిన మన పిల్లలు సెలవురోజున పట్టేదీ ఆ చేపనే. ఆ పాఠాన్ని ఉన్నదున్నట్టు చిల్లకూరుకు మోసుకొచ్చి మన పండుగప్ప మీద ప్రయోగిస్తేనే చిక్కు. పండుగప్పను ఇంగ్లీషువాళ్లు సీబాస్ అంటారు గనుక రెండూ అన్నదమ్ములని చాలామంది అనుకుంటారు. నిజానికి వీటి కుటుంబాలు వేరు, పుట్టే తీరు వేరు, పెరిగే నీళ్లు వేరు.

చిల్లకూరు అనగానే హైవే మీద గూడూరును ఆనుకుని ఉన్న ఊరే గుర్తొస్తుంది. మండలం తూర్పు కొస మాత్రం తమ్మినపట్నం దగ్గర ఉప్పునీళ్లకు తగులుతుంది. అటు కృష్ణపట్నం వద్ద సముద్రంలో కలిసే కండలేరు ఉప్పుటేరు, తీరం పొడుగునా బకింగ్‌హామ్ కాలువ, ఇంకా దక్షిణానికి పోతే పులికాట్. పండుగప్ప తిరిగే నీళ్లన్నీ ఇవే. దాని గురించి పెట్టుకున్న అపోహలూ ఈ నీళ్ల దగ్గరే తేలతాయి.

అపోహ: ఎండాకాలం మొదట్లో నీళ్లు వెచ్చబడి చేప ఒడ్డుకు చేరుతుంది.

వెచ్చబడాలంటే ముందు చల్లబడి ఉండాలి గదా. ఉత్తర అమెరికా చలి ప్రాంతాల చెరువుల్లో చలికాలం నీళ్లు నాలుగైదు డిగ్రీలకు పడిపోతాయి, పైన మంచు కడుతుంది. లార్జ్‌మౌత్ బాస్ అడుగున కదలక మెదలక పడుంటుంది. ఎండ తగిలినప్పుడు మొదట వేడెక్కేవి లోతు తక్కువ నీళ్లు కాబట్టి ఆ వేడిని వెతుక్కుంటూ వస్తుంది. మన పండుగప్పకు హాయిగా ఉండే వేడి 26 నుంచి 32 డిగ్రీలు. 20కి దిగితే మేత మీద మనసు పోదు. నెల్లూరు తీరంలో సంక్రాంతి చలికి కూడా ఉప్పుటేటి నీళ్లు అంతగా చల్లబడటం అరుదు. చలికి దాక్కోని చేప ఎండకు బయటికి రావడమనే మాటే ఉండదు.

మరి ఫాల్గుణ, చైత్రాల్లో ఇక్కడ మారేది ఏమిటి? ఉప్పు. ఈ సీమ వానలు ప్రధానంగా ఈశాన్య రుతుపవనాలవి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఏళ్లూ వాగులూ మంచినీళ్లను తోసుకొచ్చి ఉప్పుటేటిని చప్పబరుస్తాయి. సంక్రాంతి దాటాక పైనుంచి వచ్చే నీళ్లు సన్నగిల్లుతాయి, పోటు పోటుకూ సముద్రం కాస్త కాస్త లోపలికి ఎక్కుతుంది. పులికాట్‌లో ఇది మరీ స్పష్టం. సగటున మీటరు, మీటరున్నర మించి లోతులేని సరస్సు అది. నిండుగా ఉన్నప్పుడు 460 చదరపు కిలోమీటర్ల దాకా పరుచుకుని, నీళ్లు తగ్గినప్పుడు 250కి కుంచించుకుపోతుంది. వానల్లో దాదాపు మంచినీళ్లలా ఉన్న చోట్లే వేసవికి సముద్రాన్ని మించి ఉప్పెక్కుతాయి. సముద్రపు నీటిలో లీటరుకు 35 గ్రాముల ఉప్పు ఉంటే ఇక్కడ 50 గ్రాములు దాటిన కొలతలున్నాయి. రాయదొరువు, కొండూరుపాలెం ముఖద్వారాలు ఇసుక మేటలతో పూడుకుపోతుండటంతో, మన వైపున్న ఉత్తరపు కొస ఏప్రిల్, మే నాటికి ఎండి నెర్రెలు విచ్చుకుంటుంది.

కాబట్టి లెక్క తిరగబడుతుంది. వాళ్ల వసంతంలో లోతులేని నీళ్లు చేప వచ్చి చేరే చోటు. మన వసంతంలో అవి చేప ఖాళీ చేసి పోయే చోటు. పండుగప్ప దొరకాలంటే వంతెనల కింది మడుగులు, తూముల ముందు గుంతలు, మడ చెట్ల వేళ్లు నీళ్లలోకి దిగిన చోట్లు, కాలువ మధ్య లోతు పాయ చూసుకోవాలి. లోతులేని చోటికి అది వస్తుంది గానీ నివాసానికి రాదు, పోటు మీద మేతకు వచ్చి పాటు మీద వెళ్లిపోతుంది.

అపోహ: మిట్టమధ్యాహ్నం ఎండకు చేప బాగా తింటుంది.

ఇదీ చలిదేశపు మాటే. నీళ్లు వేడెక్కేకొద్దీ, ఉప్పెక్కేకొద్దీ వాటిలో ఇమిడే ప్రాణవాయువు తగ్గుతుంది. చైత్రమాసపు మధ్యాహ్నం నడుములోతు నీళ్లలో పండుగప్ప నిలబడదు. దాని కంటి వెనుక వెలుగును తిప్పికొట్టే పొర ఒకటి ఉంటుంది. రాత్రి దీపం పడితే కళ్లు ఎర్రగా మెరిసేది అందుకే. మసక వెలుతురులో మడవలకూ రొయ్యలకూ కనపడనిది దీనికి కనపడుతుంది. తెల్లవారుజాము, మునిమాపు, వాటితోపాటు నీళ్లు కదిలే వేళ కలిసొస్తే అదే అదను. ఈ తీరంలో పోటుకూ పాటుకూ తేడా అమావాస్య, పౌర్ణమి రోజుల్లో సైతం మీటరు అటూ ఇటూ మాత్రమే. గుజరాత్ తీరపు పోటు చూసినవాళ్లకు ఇది నవ్వులాట. అయితే నేల ఇంత చదునుగా ఉన్నచోట ఆ మీటరుకే ఎంతో మేర మునిగి తేలుతుంది. నీళ్లు తీసేటప్పుడు చిన్న చిన్న పిల్లకాలువల్లోంచి రొయ్య పిల్లలు కొట్టుకొస్తాయి. ఆ కాలువల నోటి దగ్గర పండుగప్ప కాచుకుని ఉంటుంది. పున్నమినాడు గేలం వేయకూడదన్న మాట ఎవరు పుట్టించారో గానీ, నీళ్లు బాగా నడిచే రోజును వదులుకోవడమే అది.

అపోహ: ఒడ్డు పక్కకు వచ్చేది గుడ్లు పెట్టడానికే.

అమెరికా బాస్ విషయంలో నిజం. నీళ్లు 15, 20 డిగ్రీల మధ్యకు రాగానే మగచేప ఒడ్డున నేల ఊడ్చి గూడు చేస్తుంది, ఆడది గుడ్లు పెట్టి పోతే అదే కాపలా కాస్తుంది. పండుగప్ప గూడు కట్టదు, కాపలా కాయదు, లోతట్టు ఉప్పుటేళ్లలో గుడ్లే పెట్టదు. గుడ్లకు సముద్రమంత ఉప్పు కావాలి. అందుకని ఎదిగిన చేప మొగ, అంటే ఉప్పుటేటి ముఖద్వారం, దాటి సముద్రపు అంచుకు పోతుంది. మిల్లీమీటరు కూడా లేని గుడ్లు నీళ్లలో తేలుతూ ఒక్క రోజు లోపే పిగులుతాయి. ఆ పిల్లలు పోటు వెంట లోపలికి వచ్చి మడ అడవుల్లో, ఉప్పు చిత్తడిలో పెరుగుతాయి, అక్కడి నుంచి ఏళ్లలోకి ఎగబాకుతాయి.

దీనిలోంచి ఇంకో సంగతి తేలుతుంది. చేపలు తగ్గిపోతున్నాయని అందరూ వలల మీదే నింద వేస్తారు. చిన్న కన్ను వలల తప్పు కచ్చితంగా ఉంది. కానీ మొగ పూడిపోతే గుడ్ల మీదున్న చేప బయటికి పోలేదు, పిల్ల లోపలికి రాలేదు. వాకాడు దగ్గర స్వర్ణముఖి మీద ఉన్నటువంటి బ్యారేజి ఏ ఏటికి అడ్డమొచ్చినా పిల్ల పైకి ఎక్కే దారి అక్కడితో ఆగుతుంది. పిల్లలు పెరిగే చిత్తడి 1990ల తొలినాళ్లలో రొయ్యల గుంటలుగా మారిపోయింది. పులికాట్, చిలికా సరస్సుల నుంచి కిలోమీటరు లోపల రొయ్యల చెరువులు ఉండకూడదని 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పేనాటికే చాలా జరిగిపోయింది. ఇందులో వలవేసేవాడి వాటా ఎంతో తూచి మాట్లాడాలి.

అపోహ: బాగా పెద్దది ముసలి చేప, పట్టేస్తే నష్టం లేదు.

ఇంత నష్టం చేసే అపోహ మరొకటి లేదు. పండుగప్పల్లో చాలావరకు మగవిగానే మొదలవుతాయి. మూడు నాలుగేళ్లకు మగచేపగా ఎదిగి, ఒకటి రెండు సార్లు జతకట్టి, ఆరేడేళ్ల ఈడులో ఆడచేపగా మారతాయి. మొదటినుంచీ ఆడవిగా పుట్టేవి కొన్ని ఉన్నా అవి తక్కువ. కాబట్టి ఏడెనిమిది కిలోలు దాటిన చేప దాదాపుగా ఆడదే. దాని కడుపులో గుడ్లు లక్షల్లో ఉంటాయి, మరీ పెద్దదైతే కోటి దాటుతాయి. అలాంటి పది చేపలు పోతే ఆ ఉప్పుటేటిలో మళ్లీ ఆడచేపలు తయారవడానికి మగవి పెరిగి మారేదాకా ఏళ్లకేళ్లు ఆగాలి.

ఆస్ట్రేలియాలో దీన్నే బారముండి అంటారు. అక్కడి క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలో 58 సెంటీమీటర్లకు తక్కువదాన్నే కాదు, 120 దాటినదాన్ని కూడా నీళ్లలోకి వదిలేయాలన్నది చట్టం. చిన్నదాన్ని వదలమంటే ఎవరికైనా అర్థమవుతుంది, పెద్దదాన్ని వదలమనడంలోనే తెలివుంది. మన దగ్గర ఫొటో పెద్దదానికే, ధర పెద్దదానికే. సరదాకు గేలం వేసేవాళ్లయినా, బతుకుతెరువు దీని మీద లేదు గనుక, ఆ ఒక్క చేపను వదిలేస్తే బాగుంటుందని నా మనవి.

వదిలేటప్పుడు ఒక జాగ్రత్త. దీని నోట్లో కోరలుండవు, గరుకుకాగితంలాంటి సన్నని పళ్లే. అది చూసి ధైర్యంగా మొప్పల్లో వేళ్లు పెడతారు. మొప్పల మూత అంచు బ్లేడులా కోస్తుంది. కింది దవడ పట్టుకుని, రెండో చెయ్యి పొట్ట కింద ఆనించి, నీళ్లలోనే గాలం తీసెయ్యడం మేలు.

అపోహ: బొచ్చెకు వేసినట్టు పిండిముద్ద వేసినా పడుతుంది, లేదంటే కుళ్లిన ఎర చాలు.

పండుగప్ప వేటాడే చేప. కదిలేదాని మీదే దాని చూపు. నోరు ఒక్కసారిగా తెరిస్తే నీళ్లతోపాటు ఎర లోపలికి లాక్కుపోతుంది, పైన బుడుంగుమన్న చప్పుడు మిగులుతుంది. బతికున్న రొయ్య, చిన్న మడవ, లేదా వాటిలా ఈదే బొమ్మ చేప వేయాలి. పిల్లగా ఉన్నప్పుడు తన తోడబుట్టినవాటినే మింగుతుంది, తన పొడవులో సగానికి మించినదాన్ని సైతం. హేచరీల్లో పిల్లల్ని సైజుల వారీగా మళ్లీ మళ్లీ ఏరి వేరు చేసేది ఈ గొడవ పడలేకే. రొయ్యల గుంటల్లో నీళ్లు పెట్టేటప్పుడు తూముకు సన్నవల కట్టేవాళ్లకు ఈ చేప బుద్ధి బాగా తెలుసు. ఒక్క పిల్ల లోపలికి జారినా పట్టుబడి నాటికి అది బలిసి, రొయ్యలు తగ్గి ఉంటాయి.

అపోహ: ఇది సముద్రపు చేప, మంచినీళ్లలో చచ్చిపోతుంది.

చావదు. నెమ్మదిగా అలవాటు చేస్తే పూర్తి మంచినీటి చెరువులో చక్కగా పెరుగుతుంది. కృష్ణా జిల్లా నాగాయలంక వైపు రైతులు చెరువుల్లో పెంచుతూనే ఉన్నారు. మంచినీళ్లలో చేయలేనిది పిల్లల్ని కనడం ఒక్కటే. అందుకే హేచరీ కావాల్సి వచ్చింది. చెన్నైలోని కేంద్ర ఉప్పునీటి ఆక్వాకల్చర్ పరిశోధన సంస్థ, అందరూ సీబా అనేది, 1997లో మన దేశంలో తొలిసారి పండుగప్ప పిల్లల్ని హేచరీలో పుట్టించింది. థాయిలాండ్‌లో ఆ పని 1970లలోనే జరిగింది.

అపోహ: అలాగైతే ఊరి చెరువులో నాలుగు పిల్లల్ని వదిలేస్తే అందరికీ మంచిదే.

మత్స్యకార సొసైటీ వాళ్లు శీలావతి, బొచ్చె పిల్లలు వదిలిన చెరువులో పండుగప్పను వదిలితే వాళ్ల పెట్టుబడికి మేత వేసినట్టే. అమెరికా బాస్ తెచ్చి వదలాలన్న సరదా మరీ ప్రమాదం. జపాన్‌లో 1925లో ఒక్క అషి సరస్సులో వదిలిన బాస్ దేశమంతా పాకి స్థానిక చేపల్ని తినేస్తుంటే, 2005లో అమల్లోకి వచ్చిన చట్టంతో దాన్ని కట్టడి చేయాల్సి వచ్చింది. మన పండుగప్పకు దగ్గరి చుట్టమైన నైలు పెర్చ్‌ను 1950లలో ఆఫ్రికా విక్టోరియా సరస్సులో వదిలితే అక్కడి చిన్న చేప జాతులు వందల్లో కనుమరుగయ్యాయి. ఆ సరస్సుతో పోలిస్తే మన ఊరి చెరువెంత!

అపోహ: నీళ్లు ఎవరి సొత్తూ కాదు, గేలానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ఆంధ్ర వైపు పులికాట్‌లో చాలా మేర పక్షుల అభయారణ్యం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అక్కడ అడుగు పెట్టడానికే అనుమతి ఉండాలి. దక్షిణాన తమిళనాడు వైపు మత్స్యకార గ్రామాల్లో పడు అనే కట్టుబాటు ఉంది. ఏ రోజు ఏ చోట ఎవరు వల కట్టాలో వంతులు వేసుకుంటారు. చట్టపుస్తకం కన్నా ముందునుంచీ ఉన్న హక్కు అది. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఉండే 61 రోజుల వేట నిషేధం మాత్రం వేరే సంగతి. అది సముద్రంలో ఇంజను పడవలకు, మరపడవలకు పెట్టినది. దాన్ని చూపించి ఉప్పుటేటిలో విసురువల వేసుకునే యానాదిని బెదిరించడం అన్యాయం.

అపోహ: హోటల్లో ముళ్లు లేని ఫిష్ ఫ్రై అంటే పండుగప్పే.

తెల్లటి మెత్తటి ముక్క చవగ్గా దొరికితే అది ఎక్కువసార్లు బాసా, అంటే వియత్నాం నుంచి దిగుమతయ్యే, మన చెరువుల్లో కూడా పెరుగుతున్న జెల్ల జాతి చేప. తినడానికి బాగానే ఉంటుంది, పండుగప్ప ధర ఇవ్వనక్కర్లేదు. ఇక అసలు పండుగప్పకే మట్టివాసన వస్తోందని కొందరు వంక పెడతారు. అది చేప పాపం కాదు. మంచినీటి చెరువుల్లో కొన్ని సూక్ష్మజీవులు తయారుచేసే జియోస్మిన్ అనే పదార్థం చేప కొవ్వులో చేరుతుంది. పట్టే ముందు చేపను కొన్ని రోజులు శుభ్రమైన పారే నీళ్లలో ఉంచితే తగ్గిపోతుంది. పులుపు తగిలినా ఆ పదార్థం విరుగుతుంది. నెల్లూరు పులుసులో చింతపండు మీద మామిడికాయ ముక్కలు కూడా వేసేవాళ్లకు, వేపుడు మీద గూడూరు నిమ్మకాయ పిండుకునేవాళ్లకు ఈ కెమిస్ట్రీ ఎవరూ చెప్పక్కర్లేదు.