జేబులో చెయ్యి పడినా మనకెందుకు తెలియదు?

నగరంలో పర్సో ఫోనో పోగొట్టుకున్నవాళ్లను కదిపి చూడండి. అందరిదీ ఒకటే మాట: "బస్సెక్కేటప్పుడు ఉంది, దిగి చూసుకుంటే లేదు." మధ్యలో ఏం జరిగిందో ఎవరూ చెప్పలేరు. పోనీ వీళ్లంతా మతిమరుపు మనుషులా అంటే, కాదు. ఇంట్లో చిల్లర లెక్క కూడా తప్పనివ్వనివాళ్లూ వీళ్లలో ఉంటారు. మరి ఒంటి మీదున్న వస్తువు పోతుంటే ఎందుకు తెలియదు? దాన్ని ఎలా కాపాడుకోవాలి? హైదరాబాద్‌ను ముందు పెట్టుకుని ఒక్కొక్కటే చూద్దాం.

చెయ్యి తగిలితే తెలియాలి కదా?

తగిలిన ప్రతిదాన్నీ మెదడు పట్టించుకోదు. కొత్తగా తగిలినదాన్ని గమనిస్తుంది, అలవాటైనదాన్ని వదిలేస్తుంది. పొద్దున చేతికి పెట్టుకున్న గడియారం కాసేపటికి ఉన్నట్టే అనిపించదు. వెనక జేబులోని పర్సూ అంతే. అది ఉన్న సంగతే ఒంటికి గుర్తులేనప్పుడు, పోయిన సంగతి ఎలా తెలుస్తుంది?

ఇంకొకటి, గట్టి ఒత్తిడి ముందు మెత్తని స్పర్శ మరుగున పడిపోతుంది. బస్సు తలుపు దగ్గర ఎవరి మోచెయ్యో భుజానికి బలంగా తగిలిందనుకోండి. ఆ క్షణంలో మన ధ్యాసంతా భుజం మీదే. జేబు దగ్గర రెండు వేళ్లు కదిలినా పట్టదు.

చూపుదీ ఇదే కథ. అమెరికాలో అపోలో రాబిన్స్ అనే ప్రదర్శకుడు వేదిక మీద ప్రేక్షకుల గడియారాలు, పర్సులు వాళ్లకే తెలియకుండా తీసి, నవ్విస్తూ తిరిగి ఇచ్చేస్తాడు. స్టీఫెన్ మాక్నిక్, సుసానా మార్టినెజ్-కోండే అనే నాడీశాస్త్రవేత్తలు ఆయన కిటుకుల్ని పరిశీలించారు. చెయ్యి తిన్నగా పోతే చూసేవాడి చూపు చటుక్కున వెనక్కి వచ్చేస్తుందనీ, వంపు తిరుగుతూ పోతే దాని వెంటే పోతుందనీ రాబిన్స్ చెప్పేవాడు. వాళ్లు ఆయనతో కలిసి 2011లో ప్రచురించిన అధ్యయనంలో కూడా, చూపు మళ్లించడంలో వంపు కదలికదే పైచేయి అని తేలింది. అంటే జేబుదొంగ ముందు ఎత్తుకుపోయేది మన ధ్యాసను. పర్సు ఆ తర్వాత.

ఎక్కువగా ఎక్కడ జరుగుతుంది?

రద్దీ అంతా ఒకే రకం కాదు. ట్యాంక్‌బండ్ మీద జనం ఎంతమంది ఉన్నా మనిషికీ మనిషికీ మధ్య ఎడం ఉంటుంది. కోఠిలో సిటీ బస్సు ఆగగానే తలుపు దగ్గర ఆ ఎడం ఉండదు. ఒక చేత్తో కమ్మీ పట్టుకుంటాం, ఇంకో చేతిలో సంచి, కళ్లు సీటు కోసం వెతుకుతుంటాయి. రెండు చేతులూ, రెండు కళ్లూ పనిలో ఉన్న ఆ పది క్షణాలే జేబుదొంగకు కావాలి. సికింద్రాబాద్ స్టేషన్లో రైలు వచ్చేటప్పుడు, అమీర్‌పేటలో మెట్రో తలుపులు తెరుచుకునేటప్పుడు, లాడ్‌బజార్‌లో గాజులు బేరమాడుతూ వంగినప్పుడు, ఖైరతాబాద్ గణేశుడి ముందు తలెత్తి చూస్తున్నప్పుడు జరిగేదీ ఇదే.

ఆడవాళ్లకు ఇంకో చిక్కు కూడా ఉంది. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకం, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద కొన్ని రకాల ఆర్టీసీ బస్సుల్లో వాళ్లు ఉచితంగా ప్రయాణించవచ్చు. కండక్టర్‌కు ఆధార్ వంటి గుర్తింపు కార్డు చూపించాలి. కిక్కిరిసిన బస్సులో కార్డు కోసం బ్యాగు తెరిస్తే డబ్బు ఎక్కడుందో, ఫోన్ ఎక్కడుందో చుట్టుపక్కల వాళ్లందరికీ కనబడిపోతుంది. తీసిన జిప్ మళ్లీ వేయడం మరిచిపోవడం కూడా అప్పుడే. అందుకే గుర్తింపు కార్డును డబ్బుతో కలపకుండా చిన్న పౌచ్‌లో వేరుగా పెట్టుకోవాలి. బస్సు రాకముందే దాన్ని చేతిలోకి తీసుకుంటే ఇంకా నయం.

జేబుదొంగలు ఎలా పనిచేస్తారు?

చాలావరకు ఒంటరిగా కాదు. ఒకడు మనకు అడ్డం పడతాడు, తలుపు దగ్గర తటపటాయించి ఆగిపోతాడు. వెనకున్నవాడు తోసినట్టు చేసి పర్సు తీస్తాడు. తీసిన మరుక్షణం అది మూడోవాడి చేతిలోకి పోతుంది. మనకు అనుమానం వచ్చి పక్కవాణ్ని పట్టుకున్నా వాడి దగ్గర ఏమీ దొరకదు.

షేర్ ఆటోలో "కాస్త సర్దుకోండి" అంటూ రెండు వైపులా ఇరికించడం ఇంకో పద్ధతి. మాటిమాటికీ అటూ ఇటూ జరుగుతున్నారంటే అనుమానించాల్సిందే. కాస్త ముందే దిగిపోయినా నష్టం లేదు. బ్యాంకు నుంచి డబ్బు తీసుకుని వచ్చేటప్పుడు "మీ చొక్కా మీద ఏదో పడింది", "మీ నోట్లు కింద పడ్డాయి" అనే మాటలు వినబడితే ముందు సంచి గట్టిగా పట్టుకోండి, ఆ తర్వాతే చొక్కా సంగతి. పత్రికల్లో "దృష్టి మరల్చి దోచుకున్నారు" అని చదివే వార్తలు ఇవే.

'జేబుదొంగలున్నారు జాగ్రత్త' అన్న బోర్డు చూడగానే చెయ్యి తనంతట తానే జేబు మీదికి పోతుంది. అది చూస్తూ నిలబడ్డవాడికి వెతికే శ్రమ తప్పినట్టే.

దొంగను ముందే గుర్తుపట్టలేమా?

లేము. చిరిగిన బట్టలు చూసి ఒకణ్ని అనుమానిస్తుంటే, ఇస్త్రీ చొక్కా వేసుకుని చేతిలో ఆఫీసు బ్యాగు పట్టుకున్నవాడు పని కానిచ్చుకుపోతాడు. వేషం, భాష, మతం, ఊరు చూసి లెక్కలు వేస్తే నిర్దోషి అవమానపడతాడు, దొంగ తప్పించుకుంటాడు. గమనించాల్సింది మనిషిని కాదు, ప్రవర్తనను: ఖాళీ ఉన్నా మీదపడి నిలబడటం, చేతి మీద కోటో తువ్వాలో కప్పుకుని దగ్గరకు జరగడం. ఎవరైనా పట్టుబడితే పోలీసులకు అప్పగించాలి. గుంపుగా కొట్టడం కూడా నేరమే.

మరి రోజంతా ఒళ్లంతా కళ్లు చేసుకుని ఉండాలా?

ఎవరివల్లా కాదు. ధ్యాస అలసిపోతుంది. ఎండలో, ఆకలితో, పిల్లల చెయ్యి పట్టుకుని నడిచేటప్పుడు ఇంకా త్వరగా అలసిపోతుంది. కాబట్టి మన ధ్యాస తప్పినా వస్తువు తప్పిపోకుండా ఇంటి దగ్గరే సర్దుకుని బయల్దేరాలి. అసలైన జాగ్రత్త ఇదే.

మన పెద్దవాళ్లకు ఇది బాగా తెలుసు. పంట అమ్మిన రైతు డబ్బును డ్రాయరు జేబులో పెట్టుకుని పంచె కట్టేవాడు. అమ్మమ్మలు చిన్న సంచిని రొంటిన దోపుకునేవారు. తీయడానికి సొంతదారుకే కాస్త ఇబ్బంది అయ్యే చోటు దొంగకు అసలే అందదు.

ఇప్పుడు చేయాల్సింది కూడా అదే. ఆ రోజుకు కావలసిన చిల్లర, రెండు మూడు నోట్లు అందే జేబులో ఉంచండి. పెద్ద మొత్తం, కార్డులు లోపలి జేబులో పెట్టి, వీలైతే పిన్నీసు పెట్టండి. వెనక జేబులో ఏమీ వద్దు. చొక్కా పై జేబులో ఫోన్ పెడితే వంగినప్పుడల్లా బయటికొస్తుంది. పర్సు ముందు జేబులో పెట్టినా దానికి రెండు రబ్బరు బ్యాండ్లు చుట్టండి. రబ్బరు గుడ్డను పట్టుకుంటుంది. లాగితే జేబు కూడా కదులుతుంది, మనకు తెలుస్తుంది. భుజాన తగిలించుకునే బ్యాగు జనంలోకి వెళ్లగానే ముందుకు రావాలి. రెండు జిప్పుల కొసలనూ ఒక కీరింగులో కలిపితే తెరవడానికి రెండు చేతులు కావాలి. హ్యాండ్‌బ్యాగు జిప్ ఒంటి వైపు ఉండాలి. మెట్రో తనిఖీ దగ్గర ఫోన్, పర్సు బ్యాగులో వేసి జిప్ బిగించాకే దాన్ని స్కానర్‌లో పెట్టండి.

ఫోన్ పోతే పోయేది ఫోన్ ఒక్కటేనా?

అసలు నష్టం దాని వెనక ఉంది. తెరకు తాళం ఉన్నా, సిమ్ తీసి ఇంకో ఫోన్‌లో వేస్తే ఓటీపీలు అక్కడికి వస్తాయి. అందుకే సెట్టింగుల్లో సిమ్ లాక్ పెట్టుకోవాలి. అయితే పెట్టేముందు మీ కంపెనీ ఇచ్చే మొదటి పిన్ ఏమిటో కనుక్కోండి. మూడుసార్లు తప్పు కొడితే సిమ్ ఆగిపోయి, దాన్ని తెరిచే పీయూకే నంబరు అడుగుతుంది. యూపీఐ పిన్, ఏటీఎం పిన్ ఫోన్‌లో రాసుకోవద్దు. ట్యాప్ చేసే కార్డులకు 5,000 రూపాయల వరకు పిన్ అక్కర్లేదు. వాడని వాళ్లు బ్యాంకు యాప్‌లో ఆ సదుపాయాన్ని ఆపేసుకోవచ్చు.

అన్నీ చేసినా పోతే?

వరస ముఖ్యం. ముందు ఎవరి ఫోన్ నుంచైనా సిమ్ ఆపించండి. వెంటనే బ్యాంకుకు చెప్పి కార్డులు, యూపీఐ ఆపించండి. రిజర్వు బ్యాంకు నియమాల ప్రకారం, బ్యాంకుకు చెప్పిన తర్వాత జరిగే అనధికార లావాదేవీల నష్టం బ్యాంకే భరించాలి. అందుకే ఫిర్యాదు నంబరు, సమయం రాసుకోండి. డబ్బు అప్పటికే పోయి ఉంటే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

తర్వాత పోలీసు స్టేషన్. అత్యవసరమైతే 112, రైల్లో అయితే 139. ఎక్కడ పోయిందో తెలియకపోయినా ఫర్వాలేదు. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం, నేరం ఏ ప్రాంతంలో జరిగినా దగ్గరి స్టేషన్‌లో ఫిర్యాదు చేయవచ్చు. ఆ ఫిర్యాదు ప్రతితో కేంద్ర టెలికాం శాఖవారి సంచార్ సాథీ వెబ్‌సైట్‌లోని సీఈఐఆర్ విభాగంలో నమోదు చేస్తే, దేశంలో ఏ కంపెనీ సిమ్ వేసినా ఆ ఫోన్ పనిచేయకుండా ఆపుతారు. అదే నంబరుతో కొత్త సిమ్ ముందే తీసుకుంటే ఈ నమోదుకు కావలసిన ఓటీపీకి ఇబ్బంది ఉండదు. ఫోన్ దొరికాక అక్కడే మళ్లీ తెరిపించుకోవచ్చు.

ఫోన్‌ను ఇలా ఆపించడానికి కావలసింది 15 అంకెల ఐఎంఈఐ నంబరు. రెండు సిమ్‌ల ఫోన్‌కు అలాంటివి రెండు ఉంటాయి. ఫోన్ పోయాక ఆ ఫోన్లో వెతకలేం కదా! అందుకే ఈ రాత్రే *#06# నొక్కి, కనబడిన నంబర్లను, బ్యాంకు హెల్ప్‌లైన్ నంబరును ఒక కాగితం మీద రాసి ఇంట్లో పెట్టండి. ఇంట్లో ఉన్న ప్రతి ఫోన్‌కూ ఈ పని చేయండి.