వంక దాటాలంటే బండికి గాలి కావాలి

పెద్దతిప్పసముద్రంలో నిలబడి నీళ్లలో నడిచే బండి గురించి మాట్లాడితే ఎవరైనా నవ్వుతారు. పాత చిత్తూరు జిల్లాలో పడమటి మండలాలంటే కరువు సీమ. వెయ్యి అడుగులు బోరు వేసినా తడి తగలక మూత బిగించుకున్న రైతులు ఇక్కడ ఊరికి పదిమంది దొరుకుతారు. అయితే ఎండిన నేల మీది వంకలకు ఒక మొండి గుణం ఉంది. ఏడాదిలో చాలా భాగం అవి టైర్ల గుర్తులు పడిన ఇసుక దారులే. అక్టోబరు దాటాక బంగాళాఖాతంలో వాయుగుండం పట్టి రెండు రోజులు ముసురు పట్టిందంటే మాత్రం లెక్క మారిపోతుంది. ఇక్కడివి గొలుసుకట్టు చెరువులు. పై చెరువు మరవ, అంటే అలుగు, పారితే కింది చెరువు నిండుతుంది, అదీ నిండితే దాని మరవ ఎత్తుకుంటుంది. ఆ నీళ్లన్నీ పోయే దారిలో మన రోడ్డు ఉంటుంది, రోడ్డు మీద ఒక చప్టా ఉంటుంది. నిన్న సాయంత్రం సైకిల్ మీద దాటిన చోట ఇవాళ పొద్దున లారీ ఆగిపోతుంది.

అలాంటి చోట్లు దాటాల్సిన బండి పికప్. ఈ ప్రాంతానికి అది కొత్త కాదు. టమోటా కాలంలో మదనపల్లె మార్కెట్ యార్డు చుట్టూ చూస్తే బాక్సులు గుట్టగా పేర్చుకున్న బొలెరో పికప్‌లే కనబడతాయి. పొలం గట్టు దాకా పోయి, బరువెత్తుకుని, తెల్లారేలోగా మార్కెట్‌కు చేర్చే బండి అది. అదే జాతి బండిని ఇప్పుడు కొందరు కొండల్లోకి, ఏటి ఒడ్డుకి తీసుకుపోయి దాని మీదే గుడారం వేసి పడుకుంటున్నారు. సరుకు మోయడానికి పుట్టిన యంత్రం ఇక్కడి దాకా ఎలా వచ్చింది?

మొదట్లో పికప్ అన్న బండే లేదు. అమెరికాలో రైతులు ఫోర్డ్ మోడల్-టీ కారు కొని, వెనక భాగం కోయించి, వడ్రంగి చేత చెక్కపెట్టె బిగించుకునేవాళ్లు. ఆ గిరాకీ చూసి ఫోర్డ్ కంపెనీ 1925 ఏప్రిల్‌లో తానే వెనక ఇనుప పెట్టె ఉన్న బండిని 281 డాలర్లకు అమ్మింది. 1932లో ఆస్ట్రేలియాలో ఒక రైతు భార్య ఫోర్డ్‌కు ఉత్తరం రాసిందట. ఆదివారం చర్చికి తడవకుండా పోవాలి, సోమవారం అదే బండిలో పందుల్ని సంతకు తోలాలి, అలాంటిది ఒకటి చేసిపెట్టండి అని. ల్యూ బాండ్ట్ అనే యువ డిజైనర్ ఆ పని అందుకున్నాడు. ముందు కారు సుఖం, వెనక బండి బలం ఉన్న వాహనం 1934లో రోడ్డెక్కింది. ఇంటికీ పొలానికీ కలిపి ఒకే బండి అన్న కోరిక పడమటి మండలాల రైతుకు చెప్పక్కర్లేకుండానే అర్థమవుతుంది.

నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందించే విద్యను మాత్రం రెండో ప్రపంచ యుద్ధమే విస్తరింపజేసింది. 1941 నుంచి విల్లీస్ జీపులు లక్షల సంఖ్యలో తయారయ్యాయి. 1947లో మహీంద్రా వాళ్లు మన దేశంలో బిగించడం మొదలుపెట్టింది ఆ జీపులనే. 1944 జూన్‌లో నార్మండీ తీరాన ఓడల నుంచి నీళ్లలోకి దిగిన జీపులకు ముందే ప్రత్యేక ఏర్పాట్లు చేశారు. గాలి పీల్చే గొట్టాన్ని పైకి లేపారు, పొగ వదిలే గొట్టాన్నీ పైకి తిప్పారు, కరెంటు తీగల చుట్టూ జిడ్డు ముద్దలు దట్టంగా పులిమారు. నీటి అడుగున ఉంటూ గొట్టం ద్వారా గాలి తీసుకునే పద్ధతిని అంతకుముందే డచ్ నౌకాదళం జలాంతర్గాముల్లో వాడింది, జర్మన్లు దాన్ని వాళ్ల దగ్గర నుంచి పట్టుకున్నారు. స్నార్కెల్ అన్న పేరు అక్కడి నుంచే వచ్చింది.

ఆ రోజుల్లో జీపుకు ఏకంగా పడవ ఆకారం తొడిగిన ఫోర్డ్ జీపీఏ అనే రకం కూడా వచ్చింది. అలలకు తట్టుకోలేక సైన్యం దాన్ని త్వరగానే వదిలేసింది. యుద్ధంలో భారత సైన్యంతో పనిచేసిన ఆస్ట్రేలియా ఇంజనీరు బెన్ కార్లిన్ మాత్రం వదల్లేదు. అలాంటి బండి ఒకటి కొని 1950లో కెనడా తీరం నుంచి అట్లాంటిక్‌లోకి దిగాడు. మన దేశం మీదుగా కలకత్తా దాకా నేల మీద నడిపించాడు. 1958లో భూగోళం చుట్టి మళ్లీ కెనడా చేరాడు. పిచ్చి పనే. కానీ బండిని నీటికి సిద్ధం చేయడమంటే ఏమిటో అతనికన్నా బాగా తెలిసినవాళ్లు తక్కువ.

ఇక మన జిల్లా సంగతి. 2016 ఏప్రిల్‌లో శ్రీసిటీలో ఇసుజు కర్మాగారం తెరుచుకుంది. జిల్లాలు విడిపోక ముందు సంగతి కాబట్టి, ఒకే జిల్లాకు పడమటి కొసన పెద్దతిప్పసముద్రం, తూర్పు కొసన ఈ కర్మాగారం. మరుసటి నెలలోనే డీ-మ్యాక్స్ వీ-క్రాస్ మార్కెట్లోకి వచ్చింది. అంతకుముందు టాటా జెనాన్, మహీంద్రా గెటవే లాంటివి వచ్చినా నిలదొక్కుకోలేదు. వీ-క్రాస్‌లో అయిదుగురు కూర్చోవచ్చు, వెనక తెరిచిన బాడీ ఉంటుంది, తెల్ల బోర్డుతో సొంత బండిగా రిజిస్టర్ అవుతుంది. వచ్చిన కొత్తలో దానికి 2.5 లీటర్ల డీజిల్ ఇంజను, నేలకూ బండి పొట్టకూ మధ్య 225 మిల్లీమీటర్ల ఎడం ఉండేవి. లోపల ఒక గుండీ తిప్పితే నాలుగు చక్రాలూ లాగుతాయి. ఇంకో మెట్టు తిప్పితే వేగం తగ్గి లాగుడు బలం సుమారు రెండున్నర రెట్లవుతుంది. దక్షిణాదిలో ఆఫ్‌రోడ్ క్యాంపింగ్ అనే సరదాకు ఈ బండి బాగా ఊతమిచ్చింది.

బండి కొన్న మర్నాడే చాలామంది చేసే పని పెద్ద టైర్లు, ముందు ఇనుప గార్డు, పైన లైట్ల వరస పెట్టించడం. చూడ్డానికి బాగుంటుంది. వంకలో పడితే మాత్రం వీటిలో ఒక్కటీ అక్కరకు రాదు. నీళ్లలో బండిని బతికించేది గాలి, దాన్ని ముంచేదీ గాలే. ఇంజను పీల్చే గాలి, ఇరుసు లోపలి గాలి, క్యాబిన్‌లో చిక్కిన గాలి, టైర్లలోని గాలి. ఈ నాలుగు గాలుల లెక్క తెలిస్తే మిగతాదంతా అలంకారం.

ఇంజనుతో మొదలుపెడదాం. డీజిల్ ఇంజనుకు నిప్పురవ్వ అక్కర్లేదు. గాలిని గట్టిగా నొక్కితే అది 500 డిగ్రీలు దాటి వేడెక్కుతుంది, ఆ వేడికే డీజిల్ అంటుకుంటుంది. 2.5 లీటర్ల ఇంజనులో నాలుగు సిలిండర్లు, ఒక్కోటి సుమారు 625 మిల్లీలీటర్లు. గాలిని 18వ వంతుకు నొక్కుతుందనుకుంటే, పిస్టన్ పైకి వచ్చినప్పుడు మిగిలే చోటు 37 మిల్లీలీటర్లే. అంతకన్నా కొంచెం ఎక్కువ నీరు ఒక్క సిలిండర్లో చేరినా చాలు. గాలి నలుగుతుంది, నీరు నలగదు. పైకి వస్తున్న పిస్టన్ గోడకు గుద్దుకున్నట్టు ఆగుతుంది, వెనక నుంచి తోసే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. 1500 చుట్ల వేగంలో ఒక్కో సిలిండర్ సెకనుకు పన్నెండుసార్లు గాలి పీలుస్తుంది కాబట్టి డ్రైవరు కాలు తీసేలోపే అంతా అయిపోతుంది. పాత పెట్రోలు జీపు తడిస్తే నిప్పురవ్వ రాక తనంతట తానే ఆగిపోయేది, దానికి అదే రక్ష. డీజిల్ మొండిది. నీళ్లు తాగేదాకా ఆగదు.

స్నార్కెల్ పని పీల్చే మూతిని పైకప్పు ఎత్తుకు తీసుకుపోవడమే. బజారులో దొరికే వాటిలో చాలా వరకు దుమ్ము కోసం తయారైనవి. ఆస్ట్రేలియా ఎడారి దారుల్లో ముందు బండి లేపే దుమ్ముకు పైన గాలి పీల్చుకోవడానికి వాడతారు. మన మట్టి దారుల్లోనూ అది మంచి లాభమే. నీళ్లకు పనికి రావాలంటే మాత్రం గొట్టం అతుకులన్నీ గాలి చొరనంత బిగువుగా ఉండాలి. ఎయిర్ ఫిల్టర్ డబ్బా అడుగున నీరు కారిపోవడానికి ఉంచిన చిన్న రంధ్రం ఉందేమో చూసి దానికి కూడా బందోబస్తు చేయాలి. ఇది వదిలేసి పైన నల్లగొట్టం బిగించుకున్న బండికీ మామూలు బండికీ వంకలో తేడా ఉండదు. పొరపాటున ఇంజను నీటిలో ఆగిపోయిందా, మళ్లీ సెల్ఫ్ కొట్టకూడదు. బయటికి లాగించి, మెకానిక్ చేత ఇంజెక్టర్లు విప్పించి, సిలిండర్లలో నీరు లేదని తేలాకే తిప్పాలి.

రెండోది ఇరుసు గాలి. దీన్ని దాదాపు అందరూ మరిచిపోతారు. యాభై కిలోమీటర్లు నడిచిన బండికి వెనక ఇరుసులో గేర్ ఆయిల్, దాని పైనున్న గాలి కాగి ఉంటాయి. అది ఒక్కసారిగా చల్లని వంక నీటిలో మునిగితే లోపలి గాలి ముడుచుకుంటుంది, ఏ సందు దొరికితే ఆ సందు నుంచి లోపలికి లాక్కుంటుంది. బయట ఉన్నది నీరు కాబట్టి నీరే వస్తుంది. ఆయిల్ తెల్లగా నురగ కడుతుంది, నెల తర్వాత క్రౌన్ గేరు అరుస్తుంది. దీనికి మందు కొన్ని వందల రూపాయల రబ్బరు గొట్టం. ఇరుసులకు, గేర్‌బాక్స్‌కు ఉన్న ఊపిరి రంధ్రాల నుంచి గొట్టాలు తీసి బానెట్ లోపల ఎత్తుగా కట్టెయ్యాలి. నన్నడిగితే స్నార్కెల్ కన్నా ముందు చేయాల్సిన పని ఇదే. వంక దిగే ముందు కాసేపు ఆగి బండిని చల్లబడనివ్వడం ఇంకా చవక.

మూడోది, క్యాబిన్‌లో చిక్కుకున్న గాలి. ఇది ప్రాణాలు తీసే గాలి. కంపెనీలు బండి దాటగల నీటి లోతు చెబుతాయి. టొయోటా హైలక్స్‌కు 700 మిల్లీమీటర్లు, ఫోర్డ్ రేంజర్‌కు 800. ఆ అంకెలు నిలిచిన నీటికి, గట్టి నేలకు. పారే నీటి లెక్క వేరు. క్యాబిన్ నేల రెండు మీటర్ల పొడవు, 1.6 మీటర్ల వెడల్పు అనుకుంటే, నీరు దాని మీదికి ఎక్కే ప్రతి పది సెంటీమీటర్లకు బండిని 320 కిలోల మేర పైకి లేపుతుంది. టైర్లు సగం మునిగితే ఒక్కోటి ఇంకో 40, 50 కిలోలు లేపుతుంది. టైరు ఎంత పెద్దదైతే అంత ఎక్కువ. సుమారు 1900 కిలోల బండికి 70 సెంటీమీటర్ల నీటిలో నేల మీద ఆనే బరువు సగానికి పడిపోవచ్చు. పికప్‌కు ఇంజను ముందుంది, వెనక బాడీ ఖాళీ, కాబట్టి మొదట తేలేది వెనక చక్రాలే.

ఇప్పుడు పక్క నుంచి వచ్చే తోపుడు చూడండి. నీరు సెకనుకు రెండు మీటర్ల వేగంతో, అంటే మనిషి చురుగ్గా నడిచేకన్నా కొంచెం ఎక్కువగా పారుతూ, బండి పక్క భాగంలో రెండు చదరపు మీటర్లకు తగిలితే ఆ తోపుడు 400 కిలోల బరువుకు సమానం. వేగం రెండింతలైతే తోపుడు నాలుగింతలు. పాచి పట్టిన చప్టా మీద 900 కిలోల ఆనిక ఉన్న బండికి పట్టు 300 కిలోలు కూడా దొరకదు. మిగతాది మీరే లెక్క వేసుకోవచ్చు. అనుభవమున్న డ్రైవర్లు నీరు హఠాత్తుగా పెరిగితే తలుపులు తెరిచి క్యాబిన్‌లోకి నీరు రానిస్తారు. సీట్లు పోతాయి, కానీ బండి మళ్లీ బరువెక్కి నేలకు ఆనుతుంది.

పారే నీటి బలానికి సాక్ష్యం దూరంగా వెతకక్కర్లేదు. మదనపల్లె వైపు నుంచి పారే బాహుదా, పింఛ ఏటితో కలిశాకే చెయ్యేరు అవుతుంది. 2021 నవంబరు 19న ఆ చెయ్యేటి మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. రాజంపేట ప్రాంతంలో ఆర్టీసీ బస్సులు వరదలో చిక్కుకున్నాయి, మనుషులు పోయారు. బస్సుతో పోలిస్తే పికప్ ఎంత?

నాలుగోది టైరు గాలి. ఇది సుఖాంతం. పాపాఘ్ని ఏటి ఇసుకలో దిగబడిన బండికి ట్రాక్టరు పిలిపించే ముందు టైర్లలో గాలి తగ్గించి చూడాలి. 32 పీఎస్‌ఐ ఉన్నది 18కి తెస్తే టైరు నేలకు ఆనే భాగం పొడవు పెరుగుతుంది, అదే బరువు ఎక్కువ చోటు మీద పరుచుకుంటుంది. చాలాసార్లు బండి తనే పైకొస్తుంది. తిరిగి గాలి నింపే చిన్న కంప్రెసర్ మాత్రం బండిలో ఉండాలి. మెత్తని టైర్లతో తారు రోడ్డు మీద వేగంగా పోతే అవి వేడెక్కి పేలతాయి.

గుడారం సంగతి త్వరగా చెప్పేస్తాను. పైకప్పు మీద మడత గుడారం ముచ్చటగానే ఉంటుంది, కానీ 60 కిలోలు అంత ఎత్తున పెట్టుకుని 1265 మీటర్ల హార్స్‌లీ హిల్స్ ఘాట్ మలుపుల్లో తిరిగితే బండి ఎటు ఒరుగుతుందో స్టీరింగే చెబుతుంది. నీళ్ల ట్యాంకు, రెండో బ్యాటరీ, గ్యాస్ పొయ్యి లాంటి బరువులన్నీ వెనక ఇరుసుకు ముందు, బాడీ అడుగునే ఉండాలి. నీరు లీటరుకు కిలో అని గుర్తుంచుకుంటే సగం తప్పులు తప్పుతాయి. కమాను పట్టీలు ఖాళీ బండిలో ఎగరేస్తాయి, కాస్త బరువు పడితేనే మెత్తబడతాయి. కాబట్టి అదనపు పట్టీ వేయించే ముందు సామానంతా ఎక్కించి తూకం వేయించండి. కుప్పం, పలమనేరు వైపు కౌండిన్య అభయారణ్యంలో ఏనుగులు తిరుగుతాయి. అనుమతి లేకుండా అక్కడ రాత్రి బస చేయడం నేరం, పైగా ప్రమాదం.

చట్టం మాట కూడా వినాలి. తయారీదారు ఇచ్చిన నిర్దేశాలకు భిన్నంగా బండిని మార్చకూడదని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు అదే గట్టిగా చెప్పింది. ఇనుప గార్డులను కేంద్ర రవాణా శాఖ 2017లోనే వద్దంది. కాబట్టి మార్పు ఏదైనా ఆర్టీవో కార్యాలయంలో అడిగి, కాగితం మీద ఎక్కించుకున్నాకే చేయించుకోవడం మంచిది.

ఇంతా చేశాక కూడా డ్రైవరుకు తెలియాల్సిన అసలు అంకె ఒకటుంది. ఇప్పుడు ఆ చప్టా మీద నీరు ఎంత లోతు? ఏ స్నార్కెలూ ఇది చెప్పదు. ఆస్ట్రేలియాలో వాగులు దాటే రోడ్ల పక్కన లోతు చూపే కొలత కర్రలు పాతి ఉంటాయి. మన చప్టాలకు అలాంటి రాయి ఒకటి పాతి, సెంటీమీటర్ల లెక్కన రంగు వేయడానికి పెద్ద ఖర్చేమీ కాదు. మీ ఊరి చప్టాకు అది లేకపోతే వానలు పట్టక ముందే గ్రామసభలో అడగండి, తీర్మానం రాయించండి.